గుడ్లు తెల్లబడిపోతున్నాయా? బెజవాడ, గుంటూరు నీళ్లలో రంగుచేపల బ్రీడింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో మా మేడ మీద చాలా ఏళ్లుగా మంచినీటి రంగుచేపల్ని పెంచుతున్నాను. చేపలు కొత్తగా తెచ్చుకున్నవాళ్లు "ఎందుకు చచ్చిపోతున్నాయండీ" అని అడుగుతారు. కాస్త చెయ్యి తిరిగాక "గుడ్లు పెడుతున్నాయి గానీ పిల్లలు కావట్లేదు, ఎందుకు" అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్నకి జవాబు చాలాసార్లు నీళ్లలోనే దొరుకుతుంది. ఇక్కడివాళ్లు నన్ను తరచూ అడిగేవి, నేను చెప్పేవి కింద రాశాను.

మా బోరు నీళ్లలో గప్పీలు లెక్కలేనన్ని పిల్లల్ని పెడుతున్నాయి. ఏంజెల్ పెట్టిన గుడ్లు మాత్రం తెల్లగా అయిపోతున్నాయి. రెండింటికీ ఒకే నీళ్లు కదా?

నీళ్లు ఒకటే, చేపల పుట్టిళ్లు వేరు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ లవణాలున్న నీళ్లను ఇష్టపడతాయి. పైగా వాటి గుడ్లు తల్లి కడుపులోనే పెరిగి పిల్లలుగా బయటికొస్తాయి కాబట్టి గుడ్డుకి మన నీళ్లతో పని పడదు. ఏంజెల్ అలా కాదు. దాని పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం, అక్కడ నీళ్లలో సున్నం చాలా తక్కువ. పెద్ద చేప మన బోరు నీళ్లకు ఎలాగో అలవాటు పడి బతుకుతుంది. గుడ్డు మాత్రం పెట్టిన క్షణం నుంచే ఆ నీళ్లను తనలోకి పీల్చుకుంటుంది. నీళ్లలో కాల్షియం మరీ ఎక్కువగా ఉంటే ఇలాంటి చేపల గుడ్లు సరిగ్గా ఫలదీకరణ చెందవు. చెందినా పై పొర బిరుసెక్కి, పిల్ల దాన్ని చీల్చుకుని రాలేకపోతుంది.

అయితే నీళ్లను తప్పుపట్టే ముందు ఒక్కటి చూసుకోండి. రెండు ఆడ ఏంజెల్స్ కూడా జతకట్టి, చక్కగా రాయి శుభ్రం చేసి గుడ్లు పెడతాయి. అప్పుడు అన్నీ ఒక్క రోజులోనే తెల్లబడతాయి. రెండో రోజుకి గుడ్డులో నల్ల చుక్కలాంటివి కనిపించి, ఆ తర్వాత పాడైతే మగ చేప ఉన్నట్టే. అప్పుడు నీళ్ల సంగతి చూడాలి.

నా మొదటి ఏంజెల్ జత వరసగా మూడుసార్లు గుడ్లు పెట్టింది, మూడుసార్లూ పోయాయి. షాపులో అడిగితే పీహెచ్ (నీళ్లు ఆమ్లం వైపున్నాయో, క్షారం వైపున్నాయో చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత ఆమ్లం) తగ్గించే సీసా ఇచ్చారు. వేసిన సాయంత్రం పీహెచ్ 6.6 చూపించింది, మర్నాడు పొద్దున్నకి మళ్లీ 7.8. మళ్లీ వేశాను, మళ్లీ పెరిగింది. ఆ ఎగుడుదిగుళ్లకు జతలో ఆడది రెక్కలు ముడుచుకుని మూల నక్కింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. తప్పు సీసాది కాదు, ఆ సీసా ఏ నీళ్లకు పనికొస్తుందో తెలుసుకోకుండా వాడిన నాదే.

పీహెచ్, జీహెచ్, కేహెచ్, టీడీఎస్: ఇన్నింటిలో ఏది పట్టించుకోవాలి?

అందరూ పీహెచ్ వెంట పడతారు. బ్రీడింగ్‌కి నేను ముందు చూసేది హార్డ్‌నెస్.

బడిలో కఠిన జలం, మృదు జలం అని చదువుకున్నాం కదా, జీహెచ్ అంటే అదే. నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. ఏ నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకదో, సబ్బు నురగ రాదో, ఆ నీళ్లలో జీహెచ్ ఎక్కువ. గుడ్డుకి తగిలేది ఇదే.

కేహెచ్ అంటే నీళ్లలోని కార్బొనేట్లు, బైకార్బొనేట్లు. ఆమ్లం పడితే దాన్ని మింగేసి పీహెచ్‌ను కదలనివ్వనివి ఇవే. నా సీసా ఓడిపోయింది వీటి చేతిలోనే. గిన్నె అడుగున, గీజరులో తెల్లగా పేరుకునే సున్నం కూడా వీటి వల్లనే.

పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. 7.5 నుంచి 6.5కి ఒక పూటలో దింపడం చేపకి చిన్న మార్పేమీ కాదు. టీడీఎస్ మీటరు కరిగినవన్నీ కలిపి చెబుతుంది, అందులో సున్నమెంత, ఉప్పెంత అన్నది చెప్పదు. 400 చూపించిన రెండు బకెట్లలో ఒకటి కాల్షియం నీళ్లు కావచ్చు, ఇంకొకటి ఉప్పునీళ్లు కావచ్చు. అయినా చవకైన పరికరం, ప్రతి వారం వాడుకోదగ్గది.

పరీక్ష ఎలా చేసుకోవాలి? అక్వేరియం కిట్లు ఖరీదుగా ఉన్నాయి.

మనం ఉన్నది ఆక్వా సాగు నేల మీద. కైకలూరు, భీమవరం వైపు ప్రతి చెరువు రైతూ నీళ్లు పరీక్ష చేయిస్తాడు. ఆక్వా మందుల షాపుల్లో, ల్యాబుల్లో పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా చూస్తారు. వాళ్లు ఆల్కలినిటీ అనేదాన్నే దాదాపుగా మనం కేహెచ్ అంటున్నాం. వాళ్ల రిపోర్టు పీపీఎంలో (లీటరుకి మిల్లీగ్రాముల్లో) ఉంటుంది, చేపల పుస్తకాల్లో డిగ్రీలు ఉంటాయి. పీపీఎంను 18తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. హార్డ్‌నెస్ 360 అని వస్తే 20 డిగ్రీలన్నమాట.

బోరు నీళ్లను తోడగానే పీహెచ్ చూడకండి. భూమిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల మొదట తక్కువ చూపిస్తుంది. బకెట్లో ఎయిర్ మోటారు వేసి ఒక రోజు ఉంచాక చూసిందే అసలు లెక్క.

కుళాయి నీళ్లు మంచివా, బోరు నీళ్లు మంచివా?

బెజవాడ, గుంటూరు రెండు ఊళ్ల మున్సిపల్ కుళాయిల్లోనూ వచ్చేది ప్రధానంగా కృష్ణ నీళ్లే. ఆ నది పల్నాటి సున్నపురాతి నేలల మీదుగా వస్తుంది. అందుకని అమెజాన్ నీళ్లంత మెత్తగా ఉండకపోయినా, బోర్లతో పోలిస్తే చాలా నయం. బెట్టా, గౌరామి, బార్బ్, జీబ్రా, గోల్డ్‌ఫిష్ లాంటివాటికి ఏమీ కలపకుండానే సరిపోతుంది. బోరు సంగతి వీధి వీధికీ మారుతుంది. పక్కింటి లెక్క మీకు పనికిరాదు, మీ బోరు మీరు కొలవాల్సిందే.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పు టబ్బులో ఎయిర్ మోటారు పెట్టి 24 గంటలు ఉంచితే ఎగిరిపోతుంది. తొందరైతే హైపో పలుకులు, అంటే సోడియం థయోసల్ఫేట్, 100 లీటర్లకు ఒక గ్రాము చాలు. వరదల రోజుల్లో నది ఎర్రబడ్డప్పుడు కుళాయి నీళ్ల వాసన మారితే నేను ఆ వారం బ్రీడింగ్ తొట్లో నీళ్లు మార్చను, ముందే పట్టి ఉంచినవి వాడతాను.

మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది. ఆ నీళ్లు మెత్తనివే కదా?

బట్టలకి మెత్తనివి, గుడ్లకి కావు. ఆ యంత్రం కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియాన్ని వదులుతుంది. సబ్బు బాగా నురగ వస్తుంది, టీడీఎస్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కేహెచ్ కూడా తగ్గదు. బ్రీడింగ్‌కి వాడొద్దు. సాఫ్ట్‌నర్‌కి ముందున్న పైపు నుంచి పట్టుకోండి.

మరి నీళ్లను మెత్తబరచడానికి సరైన దారి ఏది?

లవణాలు లేని నీళ్లు కలిపి పలచన చేయడం. మజ్జిగ పులిస్తే నీళ్లు పోసి పలచన చేస్తాం, ఇదీ అంతే. ఇంట్లో ఆర్ఓ ఉంటే ఆ నీళ్లు, లేదా 20 లీటర్ల వాటర్ క్యాన్. క్యాన్ నీళ్లయితే ప్రతిసారీ టీడీఎస్ చూడండి, ఒక్కో ప్లాంటుది ఒక్కోలా ఉంటుంది.

లెక్క తేలిక. మీ బోరు 20 డిగ్రీలు, మీకు కావాల్సింది 4 అనుకుందాం. ఒక వంతు బోరు, నాలుగు వంతుల ఆర్ఓ. 50 లీటర్ల తొట్టికి 10 లీటర్ల బోరు నీళ్లు, 40 లీటర్ల ఆర్ఓ. ఇలా కలిపితే జీహెచ్, కేహెచ్ రెండూ దిగుతాయి, పీహెచ్ కూడా దానంతట అదే కాస్త కిందికి జారి అక్కడే నిలుస్తుంది. సీసాతో పోట్లాడే అవసరమే రాదు. నా ఏంజెల్స్ నాలుగోసారి గుడ్లు పెట్టింది ఇలా కలిపిన నీళ్లలోనే. మూడో రోజు పొద్దున రాయి మీద వందల తోకలు కదులుతుంటే పని మానేసి అక్కడే కూర్చుండిపోయాను.

ఒట్టి ఆర్ఓ నీళ్లు మాత్రం పోయకండి. కేహెచ్ లేని నీళ్లకు పట్టు ఉండదు. చేపల వ్యర్థాలతో పుట్టే ఆమ్లానికి పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, చేపల వ్యర్థాల్లోని అమ్మోనియా విషాన్ని తగ్గించే ఫిల్టర్లోని మంచి బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. మామూలు బ్రీడింగ్ తొట్టికి కేహెచ్ 2 డిగ్రీలు ఉండేలా చూస్తాను. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటివాటికి అంతకంటే దింపక తప్పదు, అప్పుడు రోజూ పీహెచ్ చూసుకోవాలి.

నీళ్లు మరిగించినా పని కొంత అవుతుంది. మరిగించి చల్లార్చి, అడుగున పేరుకున్న తెల్ల పొడి కదలకుండా పైనీళ్లు వంచుకుంటే తాత్కాలిక కాఠిన్యం పోతుంది. బెట్టాల చిన్న తొట్టికి సరే, 100 లీటర్లకు గ్యాసు బండ దండగ.

వాన నీళ్లు వాడొచ్చా?

వాడొచ్చు, నాకు చాలా ఇష్టమైన నీళ్లవి. కొన్ని జాగ్రత్తలున్నాయి. ఎండాకాలం తర్వాత మొదటి రెండు మూడు వానలు వదిలేయండి, డాబా మీది దుమ్ము, గాలిలోని మసి వాటితో పోతాయి. ఆ తర్వాత కూడా వాన మొదలైన పావుగంట ఆగి పట్టండి. కొత్త సిమెంట్ డాబా మీది నుంచి జారిన నీళ్లలో సున్నం కలుస్తుంది. నేను శుభ్రమైన ప్లాస్టిక్ పట్టా కట్టి నేరుగా డ్రమ్ములోకి పడేలా చేస్తాను. డ్రమ్ముకి గుడ్డ కట్టి మూత వేయండి, లేకపోతే దోమలు చేరతాయి. వాన నీళ్లు కూడా ఆర్ఓ లాంటివే, ఒంటరిగా పోయకుండా కలుపుకోవాలి.

బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి రెండు రోజులు ముసురు కమ్మితే నా కోరిడోరాలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) అద్దాల నిండా గుడ్లు అంటిస్తాయి. పుట్టిన చోట వానాకాలమే వాటికి పెళ్లిళ్ల కాలం. ముసురు లేని రోజుల్లో తొట్టి కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్న మెత్తటి నీళ్లతో మూడో వంతు మార్చితే చాలాసార్లు అదే ఫలితం వస్తుంది.

బాదం ఆకులు వేస్తే పీహెచ్ తగ్గుతుందంటారు. నిజమా?

మెత్తటి నీళ్లలో నిజం, బోరు నీళ్లలో కాదు. ఆకుల్లోని టానిన్లు బలహీనమైన ఆమ్లాలు, 10 డిగ్రీల కేహెచ్ వాటిని లెక్కచేయదు. ఆకు వల్ల మేలు వేరే ఉంది. నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి, చేపలకు బెదురు తగ్గుతుంది, గుడ్ల మీద బూజు కొంత అదుపులో ఉంటుంది. బెట్టా మగది ఆకు కిందే నురగ గూడు కట్టుకుంటుంది. మన వీధుల్లో నీడకి పెంచే బాదం చెట్టు ఆకులే ఇవి. చెట్టు మీది పచ్చాకు వద్దు, ఎండి ఎర్రబడి రాలినది తీసుకోండి. రోడ్డు పక్కన పొగ పట్టిన చెట్టుది కాకుండా లోపలి దొడ్లలోది తెచ్చి, కడిగి, 15 లీటర్లకు ఒక ఆకు వేయండి.

ఇంకో మాట. పుస్తకాల్లో పీట్ మాస్ (బురద నేలల్లో పేరుకున్న నాచు) అని ఉంటే నర్సరీలో దొరికే కోకోపీట్ తెచ్చి వేసినవాళ్లను చూశాను. అది కొబ్బరి పొట్టు. కొన్నిటిలో ఉప్పు కూడా ఉంటుంది. పేర్లు కలిశాయి గానీ రెండూ ఒకటి కావు.

నీళ్లు కలిపి పోసినా వారానికే హార్డ్‌నెస్ పెరిగిపోతోంది.

తొట్లో రాళ్లు చూడండి. అందంగా ఉన్నాయని నాపరాయి ముక్కలు, గవ్వలు, ముత్యపు చిప్పలు పెట్టి ఉంటారు. అవి నెమ్మదిగా కరుగుతూ ఉంటాయి. అనుమానమున్న రాయి మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ చుక్క వేయండి, బుడగలు పొంగితే అది సున్నపురాయి. ఏంజెల్ గుడ్లకి పలకరాయో, పింగాణీ ముక్కో, ప్లాస్టిక్ పైపో పెట్టుకోవచ్చు.

రెండో కారణం ఆవిరి. ఎండాకాలంలో తొట్టి నీళ్లు వేలెడు తగ్గుతాయి, మనం బోరు నీళ్లతో నింపుతాం. ఆవిరైంది నీరు మాత్రమే, లవణాలన్నీ లోపలే ఉన్నాయి. దాని మీద ఇంకొన్ని చేర్చినట్టవుతుంది. తగ్గిన మేరకు నింపడానికి ఆర్ఓ నీళ్లే వాడండి, వారం వారం మార్చే నీళ్లకు మాత్రం కలిపిన నీళ్లు.

మలావి సిక్లిడ్స్ పెంచుతున్నాను. నాకు హార్డ్‌నెస్ పెంచాలి.

మీరు అదృష్టవంతులు, మన బోర్లు మీ కోసమే ఉన్నట్టు లెక్క. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకు పీహెచ్ 7.8 నుంచి 8.6 వరకు, అక్కడిదే టాంగన్యికా సరస్సు చేపలకు 8.6 నుంచి 9 వరకు నప్పుతుంది. ఇందాక వద్దన్న నాపరాళ్లు మీ తొట్లో భేషుగ్గా పెట్టుకోవచ్చు.

కుళాయి నీళ్లు వాడుతుంటే కేహెచ్ ఒక డిగ్రీ పెంచడానికి 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా, జీహెచ్ ఒక డిగ్రీ పెంచడానికి 100 లీటర్లకు 4.4 గ్రాముల ఎప్సం సాల్ట్. ఎప్సంలో మెగ్నీషియమే ఉంటుంది కాబట్టి కాల్షియానికి రాళ్లో, చిప్పలో ఉండాలి.

ఒక ప్రమాదం గుర్తుంచుకోండి. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 1 శాతం కంటే తక్కువ. పీహెచ్ 8 దగ్గర 5 శాతం పైన, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. ఫిల్టర్ కుదురుకోని కొత్త తొట్లో సోడా వేసి పీహెచ్ పెంచితే చేపలు పొద్దున్నకి తేలతాయి. ఫిల్టర్లో బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి.

కొత్తగా కట్టిన సిమెంట్ తొట్లో గోల్డ్‌ఫిష్ వదలొచ్చా?

వెంటనే వద్దు. కొత్త సిమెంట్ నుంచి సున్నం ఊరి పీహెచ్ విపరీతంగా పెరుగుతుంది. నీళ్లు నింపి అరటి బోదె ముక్కలు కోసి వేసి వారం ఉంచి పారబోయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కృష్ణ ఒడ్డున అరటి తోటలకు కొదవ లేదు. అలా రెండు మూడుసార్లు చేసి, చివరి నీళ్ల పీహెచ్ రెండు రోజులైనా 8 దాటకపోతే అప్పుడు చేపలు వదలండి. గోల్డ్‌ఫిష్ చలి తగ్గి వేడి మొదలయ్యే మాఘం, ఫాల్గుణంలో బాగా గుడ్లు పెడతాయి.

ఉప్పు వేయాలా?

మోలీలకు లీటరుకి ఒక గ్రాము గళ్లుప్పు వేయొచ్చు. కోరిడోరా, టెట్రాలకు వద్దు. ఉప్పు వేస్తే జీహెచ్ పెరగదు, పీహెచ్ మారదు.

మే నెలలో బ్రీడింగ్ మానేయాలా?

డిస్కస్‌కి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి కాబట్టి వాటికి కొంతవరకు ఫరవాలేదు. మిగతావాటికి మన మే నెల కష్టం. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర 7.5. మూత తీసి ఫ్యాను గాలి నీళ్ల మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఉక్కపోత రోజుల్లో అంత కూడా దిగదు. నేనైతే మే నెలంతా జతల్ని విడదీసి మంచి మేత పెట్టి బలం పట్టనిస్తాను. తొలకరి పడ్డాక కలుపుతాను.

కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ముందే చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ మోటారు ఇంట్లో ఉండాలని అప్పుడు బోధపడింది.

ఎంత నెమ్మదిగా మార్చాలి?

నేను పాటించే లెక్క ఇది: రోజుకి పీహెచ్ 0.3కి మించి కదలకూడదు, టీడీఎస్ 50కి మించి మారకూడదు. బోరు నీళ్లలో పెరిగిన ఏంజెల్ జతను మెత్తటి నీళ్లలోకి తేవడానికి రెండు వారాలు తీసుకుంటాను. కొత్త చేపను తెచ్చినప్పుడు సన్న గొట్టానికి ముడి వేసి, చుక్క చుక్కగా గంటసేపు మన తొట్టి నీళ్లు దాని సంచిలోకి పడనిస్తాను. నీళ్లు కలిపే డ్రమ్మును ముందు రోజే తయారుగా ఉంచుకోండి. అప్పటికప్పుడు బకెట్లో కలిపితే ఏ రెండు బకెట్లూ ఒకేలా రావు.

మిథిలీన్ బ్లూ వేస్తే నీళ్ల సంగతి చూడక్కర్లేదా?

అది నీలి రంగు మందు, బూజును ఆపుతుంది, హార్డ్‌నెస్‌ను మార్చదు. గుడ్లను విడి తొట్లోకి మార్చినప్పుడు లేత నీలంగా కనిపించేంత వేయండి. ఫిల్టర్ నడుస్తున్న పెద్ద తొట్లో వేస్తే మంచి బ్యాక్టీరియాకీ దెబ్బ.

పిల్లలు వచ్చాయి. ఇక ఆ మెత్తటి నీళ్లలోనే పెంచాలా?

అక్కర్లేదు. గుడ్డు దశకే అంత మెత్తటి నీళ్లు కావాలి. పిల్లలు ఈదుతూ మేత తినడం మొదలుపెట్టాక ఎముకలు కట్టడానికి వాటికీ కాల్షియం కావాలి. రోజూ మార్చే నీళ్లలో కుళాయి నీళ్ల పాలు కొద్దికొద్దిగా పెంచుతూ నెల నాటికి పూర్తిగా మన ఊరి నీళ్లకు తెస్తాను. అలా పెరిగిన పిల్లలు ఎవరింటికి వెళ్లినా నిలదొక్కుకుంటాయి.

ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సంచి మీద స్కెచ్ పెన్నుతో పీహెచ్, టీడీఎస్ రాసి ఇవ్వండి. గుంటూరు నుంచి ఒకాయన మొన్న నా దగ్గర ఇరవై ఏంజెల్ పిల్లల్ని తీసుకెళ్లారు. సంచి మీది అంకెలు చూసి తన తొట్టి నీళ్లు కొలిచి, తేడా ఎక్కువగా ఉందని మూడు గంటలు చుక్కలు పోసి వదిలారట. ఇరవైకి ఇరవై బతికాయని ఫోన్ చేశారు.